కొత్త రకం బీబీలకి డబ్బు పెట్టొచ్చా? నూజివీడు రోడ్ల మీద తొక్కేవాళ్లకి ఒక లెక్క

ఈ ఎపిసోడ్‌లో సైకిల్లో బయటికి కనపడని ఒక భాగం గురించి మాట్లాడుకుందాం. రెండు ఫెడళ్లనీ కలిపే ఇరుసు, ఆ ఇరుసు తిరిగే బేరింగులు, అవి కూర్చునే అడుగు గొట్టం. షాపుల్లో మనం "బీబీ" అనేది దీన్నే. పూర్తి పేరు బాటమ్ బ్రాకెట్.

ఈ విషయం ఎత్తుకోడానికి రెండు ప్రశ్నలు కారణం. మొదటిది నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదువుకుంటున్న ఒక తమ్ముడిది. "అన్నా, ఏడాదిన్నర నుంచి దాచుకున్న డబ్బులున్నాయి. ఒకే రేటుకి రెండు సైకిళ్లు దొరుకుతున్నాయి. ఒకటి కొత్త అల్యూమినియం రోడ్ బైకు, దాని బీబీ మరలతో బిగించే రకం. రెండోది సెకండ్ హ్యాండ్ కార్బన్ బైకు, దానిది ప్రెస్‌ఫిట్ బీబీ. అమ్మే ఆయన ఇది కొత్త స్టాండర్డ్, గట్టిగా ఉంటుంది, స్పీడు వస్తుంది అంటున్నాడు. నిజమేనా?" అని అడిగాడు.

రెండోది ముసునూరు వైపు మామిడి తోట ఉన్న ఒక బాబాయి గారిది. "తోటకి వెళ్లొచ్చే పాత సైకిలు బాబూ. ఏటా కోతల సీజన్ అయ్యేసరికి బీబీ పోతోంది. కొత్త రకం ఏదన్నా వేయించుకుంటే మేలా?" అని.

ఒకళ్లది కార్బన్ బైకు, ఇంకొకళ్లది కాటర్ పిన్ను సైకిలు. కానీ జవాబు చెప్పాలంటే ఇద్దరికీ ఒకే సంగతి అర్థం కావాలి. ముందే చెప్పేస్తాను: బేరింగు మూసి ఉండాలి, గొట్టానికి మర ఉండాలి. ఎందుకో ఇప్పుడు వివరంగా చూద్దాం.

పాత సైకిల్లో ఏముంది?

మన పెద్ద సైకిలు తీసుకోండి. హీరో, హెర్క్యులస్, అట్లాస్, ఏవాన్, ఏదైనా సరే. అడుగు గొట్టానికి రెండు వైపులా రెండు కప్పులు మర తిప్పి బిగిస్తారు. మధ్యలో స్టీలు యాక్సిల్. కప్పుకీ యాక్సిల్‌కీ మధ్య బాల్స్. విడి బాల్స్ వేస్తే ఒక్కో వైపు పావు అంగుళానివి పదకొండు పడతాయి. యాక్సిల్ చివర క్రాంకు ఎక్కించి, అడ్డంగా కాటర్ పిన్ను కొట్టి, నట్టు బిగిస్తారు. అంతే.

దీని మంచితనం ఏంటంటే, ప్రతి ముక్కా విడిగా దొరుకుతుంది. బాల్స్ అరిగితే బాల్స్, కప్పు గుంటలు పడితే కప్పు, పిన్ను వంగితే పిన్ను. స్పానరు, సుత్తి ఉన్న ప్రతి మేస్త్రీకీ ఈ పని వచ్చు.

చెడ్డతనం ఏంటంటే, ఇది తెరిచి ఉన్న ఇల్లు. యాక్సిల్‌కీ కప్పుకీ మధ్య సందు ఉంటుంది. దాన్ని మూసే రబ్బరు ఉండదు. మన నూజివీడు, ఆగిరిపల్లి, చాట్రాయి, రెడ్డిగూడెం వైపు తోటల దారులు మీకు తెలుసు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాయలు కోసి నున్న మార్కెట్‌కి పంపే ట్రాక్టర్లు, ఆటోలు ఆ మట్టి దారుల్లోనే తిరుగుతాయి. మెత్తటి ఎర్ర దుమ్ము మోకాలి ఎత్తున లేస్తుంది. బీబీ ఉండేది సరిగ్గా ఆ ఎత్తులోనే. ఆ దుమ్ము గ్రీజులో కలిసిందంటే అది ఇక గ్రీజు కాదు, సాన పట్టే ముద్ద. బాల్స్‌నీ కప్పునీ రోజూ కొంచెం కొంచెం గీస్తూ ఉంటుంది. దాని తర్వాత మొదటి వానలు పడతాయి, నీళ్లు దిగుతాయి, తుప్పు మొదలవుతుంది. బాబాయి గారి బీబీ ప్రతి సీజన్‌కీ పోవడానికి కారణం ఇదే. సైకిలు పాతదవడం కాదు, బేరింగు తెరిచి ఉండడం.

కుడి వైపు ఎడమ మర ఎందుకు?

బీబీ గురించి ఒక్క విషయం గుర్తు పెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. చైన్ ఉండే కుడి వైపు కప్పు మర ఉల్టా ఉంటుంది. మామూలు నట్టు ఊడదీయడానికి ఎడమ వైపు తిప్పుతాం కదా. దీన్ని మాత్రం గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఎడమ పక్క కప్పు మామూలు మరే.

ఎందుకిలా పెట్టారు? ఇంట్లో ఒక పని చేసి చూడండి. పెద్ద పళ్లెంలో ఒక గ్లాసు నిలబెట్టి, పళ్లెం అంచుకి ఆనించి, జారనివ్వకుండా గుండ్రంగా దొర్లించండి. గ్లాసు పళ్లెం చుట్టూ ఒక వైపు వెళ్తుంటుంది. కానీ గ్లాసు ఒళ్లు మాత్రం దానికి ఎదురు దిక్కున తిరుగుతుంది. కప్పుకీ గొట్టానికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా, తొక్కుతున్నప్పుడు పడే బరువు కప్పుని అలాగే దొర్లించాలని చూస్తుంది. క్రాంకు ఒక వైపు తిరుగుతుంటే కప్పు ఎదురు దిక్కున కదలాలని చూస్తుంది. కుడి వైపు మామూలు మర ఉంటే తొక్కుతుండగానే అది ఊడొస్తుంది. అందుకే ఉల్టా మర.

ఈ పద్ధతికి ఉన్న పేరు వింటే మీకు నవ్వొస్తుంది. బీఎస్ఏ. అవును, బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ సైకిల్ మీద ఉండే బీఎస్ఏనే. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అని తుపాకుల కంపెనీ ఉండేది, తర్వాత సైకిళ్లలోకి దిగింది. మన దేశంలో ఆ పేరుతో సైకిళ్లు చేసింది మద్రాసులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ వాళ్లు. బీఎస్ఏ మర కొలత 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు. గొట్టం వెడల్పు రోడ్ బైకుకి 68 మిల్లీమీటర్లు, మౌంటెన్ బైకుకి సాధారణంగా 73.

ఇటలీ వాళ్లు ఇంకో దారి పట్టారు. 36 మిల్లీమీటర్ల వ్యాసం, 70 వెడల్పు, రెండు వైపులా మామూలు మర. ఫలితం, వాళ్ల సైకిళ్లలో కుడి కప్పు వదులవుతుందన్న పేరు ఇప్పటికీ ఉంది.

రెండు నిజమైన మెరుగులు

ఈ పాత మరల గొట్టంలోనే రెండు మంచి మార్పులు వచ్చాయి. ఈ రెండిటికీ పెట్టే డబ్బు దండగ కాదు.

మొదటిది కాట్రిడ్జ్ బీబీ. ఇరుసు, బేరింగులు, పైన రబ్బరు సీలు అన్నీ కలిపి ఒకే డబ్బాగా వస్తాయి. డబ్బా అంతటినీ గొట్టంలోకి మర తిప్పి దింపుతారు. ఇరుసు చివర నలుచదరంగా, కొసకి సన్నగా ఉంటుంది, దాని మీద క్రాంకు ఎక్కించి బోల్టు వేస్తారు. దీనికి సర్వీసు ఉండదు. పోతే డబ్బా మొత్తం మార్చడమే. కానీ మూసి ఉంది కాబట్టి దుమ్ములో, వానలో చాలా కాలం నిలుస్తుంది. గేర్ల సైకిళ్లలో తక్కువ రేటు వాటికి వచ్చేది ఎక్కువగా ఇదే.

రెండోది బయటి బేరింగుల రకం. షిమానో వాళ్లు 2003 ప్రాంతంలో హాలోటెక్ 2 అని తెచ్చారు. ఆలోచన చాలా సింపుల్. మర గొట్టం లోపల చోటు తక్కువ. లావుపాటి ఇరుసు పెడితే బేరింగుకి చోటు మిగలదు, పెద్ద బేరింగు పెడితే ఇరుసు సన్నబడాలి. అందుకని బేరింగుల్ని గొట్టం బయటికి తెచ్చేశారు. ఇరుసు 24 మిల్లీమీటర్లు, లోపల బోలు, కుడి క్రాంకుకే అతికి ఉంటుంది. ఎడమ క్రాంకు తొడిగి రెండు చిన్న బోల్టులు బిగిస్తే సరిపోతుంది. బేరింగులు దూరదూరంగా ఉన్నాయి కాబట్టి ఊగడం తగ్గింది. సుత్తి అక్కర్లేదు, క్రాంకు లాగే పుల్లరు అక్కర్లేదు. ఒక ఐదో నంబరు ఎల్ కీ, టోపీ తిప్పే చిన్న ప్లాస్టిక్ టూలు, పదహారు గాట్ల స్పానరు ఉంటే ఇంట్లోనే పని అయిపోతుంది.

గమనించండి, ఈ రెండిటిలోనూ ఫ్రేము మారలేదు. అదే బీఎస్ఏ గొట్టం, అదే మర. మారింది లోపల పెట్టే సామాను మాత్రమే.

మరలు తీసేసిన కాలం

అసలు గొడవ ఇక్కడ మొదలైంది. కేనండేల్ కంపెనీ మరలు తీసేసి, 42 మిల్లీమీటర్ల నున్నటి రంధ్రంలో బేరింగుని నేరుగా నొక్కి కూర్చోబెట్టే పద్ధతి తెచ్చింది. పేరు బీబీ 30, ఎందుకంటే ఇరుసు 30 మిల్లీమీటర్లు. 2006లో దాన్ని మిగతా కంపెనీలకీ వదిలేశారు. ఆ తర్వాత వరస కట్టాయి. షిమానో వాళ్లది 41 మిల్లీమీటర్ల రంధ్రం, 86.5 వెడల్పు, దీన్ని బీబీ 86 అంటారు. శ్రామ్ వాళ్లది 46 మిల్లీమీటర్ల రంధ్రంతో పీఎఫ్ 30. ట్రెక్ వాళ్లది బీబీ 90. సెర్వేలో వాళ్లది బీబీరైట్. 386 ఎవో అని ఇంకొకటి. స్టాండర్డ్ అంటే అందరికీ ఒకటే అని కదా అర్థం. ఇక్కడ కంపెనీకి ఒక స్టాండర్డ్ తయారైంది.

ఎందుకు చేశారు? మూడు కారణాలున్నాయి, మూడూ నిజమైనవే. ఒకటి, కార్బన్ ఫ్రేముకి మర కావాలంటే లోపల లోహపు గొట్టం అతికించి దానికి మర కోయాలి. నున్నటి రంధ్రం అయితే ఆ పని, ఆ బరువు మిగులుతాయి. రెండు, గొట్టం వెడల్పు పెరిగితే దాని మీద కలిసే ఫ్రేము పైపులు లావుగా చేయొచ్చు, ఫ్రేము అడుగు భాగం గట్టిపడుతుంది. మూడు, ఫ్యాక్టరీలో బిగించడం తొందరగా అవుతుంది.

ఈ మూడిటిలో రెండు తయారుచేసేవాళ్లకి లాభం. తొక్కేవాళ్లకి ఎంత మిగిలింది అన్నదే మన ప్రశ్న.

"గట్టిగా ఉంటుంది" అన్న మాటకి లెక్క

అమ్మే ఆయన చెప్పిన మాట చూద్దాం. ఇరుసు 24 నుంచి 30కి లావయింది, కాబట్టి గట్టిదయింది అంటారు. గొట్టం మెలిపడకుండా తట్టుకునే శక్తి, గోడ మందం అంతే ఉంటే, వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 30ని 24తో భాగిస్తే 1.25. దాన్ని మూడుసార్లు గుణిస్తే దాదాపు 1.95. అంటే ఇంచుమించు రెట్టింపు. వినడానికి బావుంది.

కానీ ఒక మెలిక ఉంది. 24 మిల్లీమీటర్ల ఇరుసు స్టీలుది. 30 మిల్లీమీటర్లది ఎక్కువగా అల్యూమినియంది. మెలికని తట్టుకోవడంలో అల్యూమినియం స్టీలులో మూడో వంతే. 1.95ని మూడుతో భాగిస్తే 0.65. అంటే అదే మందం గోడతో చేస్తే, లావుపాటి అల్యూమినియం ఇరుసు సన్నటి స్టీలు ఇరుసు కంటే మెత్తనిది అవుతుంది. దాన్ని సరిచేయడానికి గోడ మందం పెంచుతారు, అప్పుడు సమానమో కొంచెం ఎక్కువో అవుతుంది. చివరికి మిగిలే లాభం ముఖ్యంగా బరువులో, అదీ గ్రాముల్లో. మనం తాగే నీళ్ల సీసాలో రెండు గుక్కలు తగ్గితే ఎంతో, ఇంచుమించు ఆ లెక్క.

లావు ఇరుసుకి ఇంకో ఖర్చు కూడా ఉంది. 41 మిల్లీమీటర్ల రంధ్రంలో 24 ఇరుసు పెడితే చుట్టూ మిగిలే చోటు 8.5 మిల్లీమీటర్లు. అందులో బేరింగు, కప్పు గోడ రెండూ సర్దుకోవాలి, సర్దుకుంటాయి. అదే రంధ్రంలో 30 ఇరుసు పెడితే మిగిలేది 5.5. అందులో పట్టే బాల్స్ చాలా చిన్నవి. చిన్న బాల్స్ బరువుని తక్కువ కాలం మోస్తాయి, కాస్త దుమ్ము పడితే త్వరగా పాడవుతాయి.

ఇక స్పీడు సంగతి. బీబీ రకం మారితే బేరింగు రాపిడిలో వచ్చే తేడా మన కాలికి తెలిసేంతది కాదు. షాపులో చైన్ తీసేసి క్రాంకు చేత్తో తిప్పి "చూడండి ఎంత ఫ్రీగా తిరుగుతోందో" అంటారు. అక్కడ మీరు చూస్తున్నది రబ్బరు సీలు పట్టు. మనిషి బరువు పడ్డాక సంగతి వేరు. పైగా మన దుమ్ములో సీలు కొంచెం పట్టుగా ఉండడమే మంచిది. టైరులో గాలి సరిగ్గా పెట్టుకుని, చైన్ శుభ్రంగా తుడుచుకుంటే వచ్చే లాభం ముందు ఇది లెక్కలోకి రాదు.

ఆ కిర్రు కిర్రు ఎక్కణ్ణుంచి?

ప్రెస్‌ఫిట్ గురించి అందరూ చెప్పే ఫిర్యాదు శబ్దం. ఎక్కుడులో గట్టిగా తొక్కితే కిర్రు, టిక్కు అని వినిపిస్తుంది. దీనికి కారణం బేరింగు కాదు, రంధ్రం. నొక్కి బిగించే పద్ధతిలో పట్టు అంతా కొలత మీదే ఆధారపడి ఉంటుంది. రంధ్రం కప్పు కంటే వెంట్రుకవాసి చిన్నదిగా, కచ్చితమైన గుండ్రంగా, రెండు వైపుల రంధ్రాలూ ఒకే గీత మీద ఉండాలి. ఏ ఒక్కటి తప్పినా ప్రతి తొక్కుడుకీ కప్పు గొట్టంలో సూక్ష్మంగా కదులుతుంది. ఆ కదలికే శబ్దం. అందులోకి దుమ్ము, తడి చేరితే శబ్దం రెట్టింపు.

మర ఉన్నచోట ఈ బాధ తక్కువ. ఎందుకంటే బిగింపు బలం మనం స్పానరుతో ఇస్తాం. కొలతలో కొంచెం తేడా ఉన్నా మర సర్దుకుపోతుంది. ప్రెస్‌ఫిట్‌ని సుత్తితో కొట్టి తీసి, మళ్లీ నొక్కిన ప్రతిసారీ రంధ్రం కొంచెం పాడవచ్చు. ఫ్రేములో రంధ్రం వదులైతే కొత్త బీబీ వేసినా ప్రయోజనం ఉండదు. మర కప్పు పాడైతే కప్పు మార్చుకుంటాం. రంధ్రం పాడైతే ఫ్రేమే పాడైనట్టు. తేడా అక్కడుంది.

ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. కొలతలు జాగ్రత్తగా చూసి చేసిన ఫ్రేములో ప్రెస్‌ఫిట్ ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా నడుస్తుంది. అలాంటివి తొక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంకో విషయం, బీబీ 30లో వాడే బేరింగు 6806 అనే మామూలు పారిశ్రామిక నంబరు. లోపల 30, బయట 42, మందం 7 మిల్లీమీటర్లు. విజయవాడ ఆటోనగర్‌లో బేరింగుల షాపుల్లో నంబరు చెప్పి అడిగి చూడొచ్చు. కంపెనీ డబ్బాలోనే కొనాలని లేదు.

కంపెనీలే వెనక్కి వచ్చాయి

ఈ కథకి ముగింపు కంపెనీలే రాసుకున్నాయి. 2015లో క్రిస్ కింగ్, ఆర్గొనాట్ అనే రెండు అమెరికా కంపెనీలు కలిసి టీ 47 అని తెచ్చాయి. పెద్ద రంధ్రమే, 47 మిల్లీమీటర్లు, కానీ మరలతో. లావు ఇరుసు పడుతుంది, కప్పు మర తిప్పి బిగుస్తుంది. తర్వాత ట్రెక్ తన బీబీ 90 వదిలి టీ 47కి మారింది. స్పెషలైజ్డ్ వాళ్లు 2020లో టార్మాక్ ఎస్ఎల్ 7కి మామూలు బీఎస్ఏ మర పెట్టారు. అన్నిటికన్నా ముఖ్యం, బీబీ 30 తెచ్చిన కేనండేల్ వాళ్లే 2023లో సూపర్‌సిక్స్ ఎవోకి బీఎస్ఏ మర పెట్టారు. లక్షలు పోసే రేసు సైకిళ్లు అవి. గట్టిదనం, స్పీడు నిజంగా ప్రెస్‌ఫిట్‌లోనే ఉంటే వాళ్లు వదులుకునేవాళ్లా? మర మీద బరువు పెట్టి కూడా రేసులు గెలవొచ్చని వాళ్లే చూపించారు.

శ్రామ్ వాళ్లు 2018లో డబ్ అని 28.99 మిల్లీమీటర్ల ఇరుసు తెచ్చారు. ఇది ఇరుసు కొలతే కానీ రంధ్రం కొలత కాదు. మర గొట్టానికీ, ప్రెస్‌ఫిట్‌కీ రెండిటికీ దాని కప్పులు దొరుకుతాయి. "డబ్ ఉంది" అంటే ప్రెస్‌ఫిట్ అని అర్థం చేసుకోవద్దు.

మరి ఎవరేం చేయాలి?

ట్రిపుల్ ఐటీ తమ్ముడూ, నీ జవాబు. రెండూ ఒకే రేటు అయితే, నూజివీడులో ఉండి రోజూ తొక్కాలంటే, మరలున్న అల్యూమినియం బైకే తీసుకో. కార్బన్ చెడ్డదని కాదు. దాని బీబీ పోయిన రోజు ఏం చేస్తావన్నది ప్రశ్న. మరల బీబీ అయితే స్పానరు కొనుక్కుని హాస్టల్ గదిలో నువ్వే మార్చుకోవచ్చు. ప్రెస్‌ఫిట్ అయితే సరైన ప్రెస్ టూలు ఉన్న షాపు వెతుక్కుంటూ విజయవాడో హైదరాబాదో సైకిలు మోసుకెళ్లాలి. ఏడాదిన్నర దాచిన డబ్బు మూల నిలబడకూడదు, రోడ్డు మీద తిరగాలి.

ఒకవేళ ఆ కార్బన్ బైకు మీదే మనసు ఉంటే, కొనేముందు ఇవి చూడు. క్రాంకు చివర పట్టుకుని ఫ్రేము వైపుకీ బయటికీ ఊపు. ఆట ఉంటే బేరింగో రంధ్రమో పోయినట్టు. చైన్ పక్కకి తప్పించి క్రాంకు మెల్లగా తిప్పు, గరగర తగిలితే బేరింగు అయిపోయింది. ఎక్కుడులో నిలబడి తొక్కి విను. శబ్దం వస్తే వెంటనే బీబీ మీద నింద వేయొద్దు. ఫెడళ్ల మర, చైన్ వీలు బోల్టులు, సీటు గొట్టం కూడా ఇలాగే అరుస్తాయి. అవన్నీ గ్రీజు రాసి బిగించాక కూడా వస్తుంటే అప్పుడు బీబీ. కప్పులు తీయించి రంధ్రం కళ్లతో చూసుకోవడం కుదిరితే ఇంకా మంచిది. ఇంకో మందు కూడా ఉంది. కుడి ఎడమ కప్పులు రెండూ గొట్టం లోపల ఒకదానిలో ఒకటి మరతో బిగిసే రకం బీబీలు ప్రెస్‌ఫిట్ ఫ్రేములకి దొరుకుతాయి. చాలా శబ్దాలు దాంతో పోతాయి. దాని ఖరీదు కూడా కలుపుకుని బేరం ఆడు.

బాబాయి గారూ, మీ సంగతి. మీ సైకిల్లో ఇప్పుడున్న బీబీనే ఏడాదికి రెండుసార్లు విప్పి శుభ్రం చేయించండి. ఒకసారి కోతలు అయిపోగానే, వానలకి ముందు. రెండోసారి వానలు వెనకబడ్డాక. డీజిల్లోనో కిరసనాయిల్లోనో కడిగి, పాత బాల్స్ పారేసి కొత్తవి వేసి, మంచి గ్రీజు నిండా పెట్టించండి. బాల్స్ ఖర్చు చాలా తక్కువ. పాత బాల్స్ వేస్తే మాత్రం కొత్త కప్పుని కూడా తినేస్తాయి.

కాట్రిడ్జ్ వేయించుకోవచ్చు, కాకపోతే మూడు లెక్కలు చూడాలి. మీ గొట్టం వెడల్పు 68 వస్తోందా, మర బీఎస్ఏ కొలతేనా అన్నది ముందు కొలిపించండి. పాత సైకిళ్లలో తేడాలుంటాయి, కొలవకుండా కొనొద్దు. రెండు, కాటర్ క్రాంకులు దాని మీద పట్టవు, నలుచదరం రంధ్రం ఉన్న క్రాంకులు, చైన్ వీలు కూడా మార్చాలి. మూడు, ఇరుసు పొడవు సరిపోకపోతే చైన్ వంకరగా నడుస్తుంది, లేదా క్రాంకు ఫ్రేముకి తగులుతుంది. ఇవన్నీ కుదిరితే ఏళ్ల తరబడి దాని జోలికి పోనక్కర్లేదు. కుదరకపోతే ఏటా రెండుసార్లు గ్రీజే మేలు.

పిల్లల స్కూలు సైకిళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. బడికొస్తా పథకం కింద ఆడపిల్లలకి ఇచ్చిన సైకిళ్లు కొన్ని ఇళ్లల్లో ఫెడల్ "దడక్ దడక్" అంటోందని పక్కన పెట్టేసి ఉంటాయి. క్రాంకు పిన్నుతో బిగించే రకం అయితే చాలాసార్లు పోయింది కాటర్ పిన్ను ఒక్కటే. అరిగిన పిన్నుతో అలాగే తొక్కిస్తే మాత్రం క్రాంకు రంధ్రం, యాక్సిల్ గాటు రెండూ అరిగిపోతాయి. చిన్న పిన్ను కోసం బడి మానే పరిస్థితి రానివ్వకండి.

గేర్ల సైకిలు కొత్తగా కొనేవాళ్లు షాపులో అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: "దీని బీబీ మరలదా, నొక్కేదా?" షాపు ఆయనకి తెలియకపోతే మీరే చూడొచ్చు. క్రాంకు మధ్యలో బోల్టు ఉండి, ఇరుసు కొస నలుచదరంగా ఉంటే కాట్రిడ్జో, కప్పుల రకమో, రెండూ మరలవే. గొట్టం బయట గాట్లున్న లోహపు రింగు కనిపిస్తే బయటి బేరింగుల రకం, అదీ ఎక్కువగా మరలదే. గాట్లు ఏమీ లేకుండా ఫ్రేములో కలిసిపోయినట్టు సన్నటి అంచు మాత్రమే కనిపిస్తే ప్రెస్‌ఫిట్.

ఏ బీబీ అయినా చంపేసే మూడు అలవాట్లు

చివరగా ఇవి. ఒకటి, వాటర్ సర్వీసింగ్. బైకుతో పాటు సైకిల్ని కూడా ప్రెషర్ పైపు కింద పెట్టేస్తారు. ఆ నీటి ధార సీలుని దాటి లోపలికి పోతుంది. బీబీ వైపు, హబ్బుల వైపు పైపు పెట్టనివ్వకండి. బకెట్టు, గుడ్డ చాలు.

రెండు, వాడేసిన ఇంజన్ ఆయిలు పోయడం. తెరిచి ఉండే కప్పుల రకంలో ఆ ఆయిలు గ్రీజుని కరిగించి బయటికి తెస్తుంది, ఆ తడికి దుమ్ము అంటుకుంటుంది. రెండు రోజులు మెత్తగా తిరిగి మూడో రోజు నుంచి గరగరలాడుతుంది. బీబీకి గ్రీజు, చైన్‌కి ఆయిలు. ఇది కలపొద్దు.

మూడు, గొట్టంలో నీళ్లు నిలవనివ్వడం. ఫ్రేములో అన్నిటికన్నా కింద ఉండేది బీబీయే. సీటు గొట్టం సందులోంచి దిగిన వాన నీళ్లు అక్కడికే చేరతాయి. వానాకాలంలో నెలకోసారి సీటు పోస్టు తీసి, సైకిల్ని తలకిందులుగా పెట్టండి. ఎన్ని నీళ్లు వస్తాయో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. సీటు పోస్టు మళ్లీ పెట్టేటప్పుడు, అల్యూమినియందైనా స్టీలుదైనా, కొంచెం గ్రీజు రాసి పెట్టండి. కార్బన్ దానికి మాత్రం గ్రీజు కాదు, దానికి వేరే పేస్టు ఉంటుంది.

మీ సైకిల్ బీబీ ఏ రకమో తెలియకపోతే, చైన్ వైపు నుంచి ఒకటి, ఎడమ వైపు నుంచి ఒకటి, రెండు ఫోటోలు తీసి పంపండి. గొట్టం వెడల్పు స్కేలుతో కొలిచి రాయండి. చూసి చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో హబ్బుల గురించి మాట్లాడుకుందాం.